ఒకే పూల్, రెండు లీకులు: మిల్లీమీటర్ల లెక్కతో తేలిన కేసు

ఇది ఇంటి పెరట్లో నేలలోకి కట్టిన కాంక్రీటు స్విమ్మింగ్ పూల్. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, సగటు లోతు 1.4. నీటి ఉపరితలం 32 చదరపు మీటర్లు, పట్టే నీళ్లు సుమారు 45,000 లీటర్లు. ఒక స్కిమ్మర్ (నీటి పైపొరని పీల్చే గోడ మూతి), అడుగున నీళ్లు పీల్చే జంట మెయిన్ డ్రెయిన్లు, శుభ్రమైన నీళ్లు తిరిగి వచ్చే మూడు రిటర్న్ ఇన్‌లెట్లు, గోడలో ఒక లైటు ఉన్నాయి. పంపు రోజుకు 8 గంటలు తిరుగుతుంది. శాండ్ ఫిల్టర్, దాని మీద నీళ్ల దారి మార్చే ఆరు పొజిషన్ల మల్టీపోర్ట్ వాల్వు, తర్వాత నీళ్లలోని ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే సాల్ట్ క్లోరినేటర్. మట్టం తగ్గితే దానంతట అదే నింపే ఫ్లోట్ వాల్వు కూడా ఉంది.

ఇంటివాళ్ల ఫిర్యాదు నీళ్ల గురించి కాదు, ఉప్పు గురించి. ఎంత వేసినా నిలవడం లేదు, క్లోరినేటర్ మాటిమాటికీ ఉప్పు తక్కువని చూపిస్తోంది. మట్టం మాత్రం ఎప్పుడు చూసినా ఉండాల్సిన చోటే ఉంది. ఫ్లోట్ వాల్వు ఉన్న పూల్‌లో లీకు ఇలాగే దాక్కుంటుంది. పోయినవి పోయినట్టే వాల్వు నింపేస్తుంటే కంటికి ఏం కనబడుతుంది?

అంతకుముందు ఒక మెకానిక్ వచ్చి స్కిమ్మర్ మూతి దగ్గర టైల్సుకీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నని పగులు చూసి, పుట్టీ పెట్టి వెళ్లాడు. తేడా రాలేదు. రెండోసారి, పూల్ మొత్తం ఖాళీ చేసి లోపల మళ్లీ ప్లాస్టరింగ్ చేయాలన్నాడు. ఆ సలహా దగ్గర ఆగాలి. భూగర్భజలం పైకి ఉన్న చోట, లేదా లీకైన నీళ్లే పూల్ చుట్టూ మట్టిలో నిలిచిన చోట, ఖాళీ చేసిన పూల్‌ని కింది నీటి ఒత్తిడి పైకి ఎత్తగలదు. కాంక్రీటు పూల్ పగులుతుంది, ఫైబర్‌గ్లాస్ పూల్ ఉబ్బుతుంది లేదా లేస్తుంది, వినైల్ లైనర్ ముడుచుకుపోయి మళ్లీ సరిగ్గా కూర్చోదు. లీకు ఎక్కడో తేలకముందు పూల్ ఖాళీ చేయకూడదు. పైగా ఖాళీ పూల్‌లో లీకు కనబడదు కూడా, నీళ్లు కదిలితేనే కదా కనబడేది.

ఉప్పు చెప్పిన లెక్క

ఆవిరైపోయిన నీళ్లు ఉప్పుని పూల్‌లోనే వదిలి వెళ్తాయి. లీకైన నీళ్లు ఉప్పుని వెంట తీసుకుపోతాయి. అందుకే సాల్ట్ పూల్‌లో ఉప్పు రీడింగే మొదటి సాక్షి. ఉప్పు లేని పూల్‌లో ఇదే పని సయనూరిక్ యాసిడ్‌తో (క్లోరిన్ ఎండకి పోకుండా వేసే మందు) చేయొచ్చు, కానీ దాని టెస్టులో ఖచ్చితత్వం తక్కువ.

ఇక్కడ 30 రోజుల్లో రీడింగు 3,200 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) నుంచి 2,400కి దిగింది. ఆ నెల వాన లేదు, ఉప్పు వేయలేదు. ఉప్పునీళ్లు కొంచెం కొంచెంగా పోతూ వాటి స్థానంలో మంచినీళ్లు వస్తుంటే రీడింగు సరళరేఖలో తగ్గదు, తగ్గే వేగం కూడా క్రమంగా తగ్గుతుంది. కాబట్టి 3,200ని 2,400తో భాగించి, వచ్చినదాని సహజ సంవర్గమానం తీసుకోవాలి: 0.288. దాన్ని 45,000తో గుణిస్తే సుమారు 12,950 లీటర్లు బయటికి పోయినట్టు. బ్యాక్‌వాష్‌కి (నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగడం) పోయిన 600 లీటర్లు తీసేస్తే 12,350. రోజుకు 410 లీటర్లు. ఈ పూల్‌లో 1 మి.మీ. మట్టం అంటే 32 లీటర్లు, కాబట్టి ఆవిరి కాకుండా రోజుకు దాదాపు 13 మి.మీ. ఎటో పోతోంది.

ఒక్క పనిముట్టూ బయటికి తీయకుండా వచ్చిన అంకె ఇది. తర్వాత చేసిన ప్రతి కొలతా దీనితో సరిపోవాలి. సరిపోకపోతే కొలతలో తప్పైనా ఉండాలి, కనబడని దారి ఇంకొకటైనా ఉండాలి.

పంపు గది

లోపలికి దిగేముందు పంపు గది చూడాలి, పది నిమిషాల పని. పంపు మెకానికల్ సీల్ కింద తడి, యూనియన్ల (విప్పగలిగే పైపు జాయింట్లు) దగ్గర ఉప్పు పేరుకున్న తెల్ల మరకలు, ఫిల్టర్ అడుగు డ్రెయిన్ ప్లగ్గు చూశాం. అన్నీ పొడిగానే ఉన్నాయి. చాలామంది వదిలేసేది వేస్ట్ లైను, అంటే ఫిల్టర్ కడిగిన నీళ్లు బయటికి పోయే పైపు. మల్టీపోర్ట్ వాల్వు లోపలి స్పైడర్ గ్యాస్కెట్ అరిగినా, మీద ఇసుక రేణువు ఇరుక్కున్నా, వాల్వు ఫిల్టర్ పొజిషన్‌లో ఉన్నప్పుడు కూడా నీళ్లు సన్నగా వేస్టులోకి జారుతుంటాయి. ఆ పైపు చివర మురుగు గుంతలో మునిగి ఉంటే ఎవరికీ తెలియదు. వేస్ట్ పైపు చివరని బకెట్‌లోకి తిప్పి, పంపు గంటసేపు నడిపితే తేలిపోతుంది. ఇక్కడ చుక్క పడలేదు.

పంపు మూత అద్దంలోంచి చూస్తే గాలి బుడగలు లేవు. సక్షన్ పైపుకి (పూల్ నుంచి పంపుకి నీళ్లు లాగేది) నేలపైన ఎక్కడైనా చిల్లుంటే పంపు నడిచేటప్పుడు అది గాలి పీలుస్తుంది, బుడగలు వస్తాయి. బుడగలు లేకపోతే సక్షన్ బాగున్నట్టు పూర్తి రుజువు కాదు గానీ, అనుమానం రిటర్న్ వైపు మొగ్గుతుంది.

బకెట్ టెస్టు

దీన్ని అందరూ చేస్తారు, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. బకెట్‌ని పూల్ మెట్టు మీద, ముప్పావు వంతు నీళ్లలో మునిగేలా, అంచు 50 మి.మీ. పైకి ఉండేలా పెట్టాలి. అడుగున రాయి వేయాలి. బకెట్ లోపల పూల్ నీళ్లే, బయటి మట్టానికి సమానంగా పోయాలి. గట్టు మీద పెట్టిన బకెట్‌లో నీళ్లు పూల్ కంటే వేడెక్కి ఎక్కువ ఆవిరవుతాయి, అప్పుడు చిన్న లీకు ఉన్నా లేనట్టు కనబడుతుంది.

ఫ్లోట్ వాల్వు నీళ్ల సరఫరా కట్టేయాలి. ఇది మరిచిపోతే టెస్టే లేదు. ఎవరూ ఈదకూడదు, వాన పడకూడదు. కొలతకు టేపు ముక్క అంటించి గీత పెడితే తడి అంచు 2, 3 మి.మీ. అటూ ఇటూ కనబడుతుంది. దానికి బదులు స్టీల్ స్కేలుని గోడకి నిలువుగా బిగించి, దాని చుట్టూ అడుగున చిన్న రంధ్రం ఉన్న పారదర్శక పైపు ముక్క నిలబెడితే అలలు అణిగి అర మిల్లీమీటరు వరకు చదవొచ్చు. రెండు కొలతలూ ఎండ రాకముందు, ఒకే వేళకి తీయాలి.

మొదటి 24 గంటలు పంపు ఆపకుండా నడిపించాం. పూల్ 24 మి.మీ. దిగింది, బకెట్ 6. లీకు 18 మి.మీ. తర్వాతి 24 గంటలు పంపు ఆపేశాం. పూల్ 17, బకెట్ 6. లీకు 11.

ఇప్పుడు ఉప్పు లెక్కతో పోల్చాలి. ఈ పంపు రోజుకు 8 గంటలే తిరుగుతుంది. 18లో మూడో వంతు 6, 11లో మూడింట రెండు వంతులు 7.3, మొత్తం 13.3 మి.మీ. ఉప్పు చెప్పింది 13. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు కలిశాయి, కొలతను నమ్మొచ్చు.

పంపు నడిస్తే లీకు పెరుగుతోంది కాబట్టి రిటర్న్ లైను పగిలిందని ఇక్కడే తేల్చేసి నేల తవ్వడం మొదలుపెట్టేవాళ్లున్నారు. పంపు ఆపినా 11 మి.మీ. పోతున్న సంగతి వాళ్లు పట్టించుకోరు. రిటర్న్ పైపు నీటి మట్టానికి కిందే ఉంటుంది కాబట్టి పంపు ఆగినా అందులోంచి కొంత కారుతుంది, నిజమే. ఆ 11 మొత్తం దానిదేనా, ఇంకొకటి ఉందా అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న.

గోడది ఎంత, పైపులది ఎంత

దీన్ని విడదీయడానికి మూడో టెస్టు. పంపు ఆపి, మూడు రిటర్న్ ఇన్‌లెట్లకూ, స్కిమ్మర్ అడుగు రంధ్రానికీ, మెయిన్ డ్రెయిన్లకూ రబ్బరు ఎక్స్‌పాన్షన్ ప్లగ్గులు బిగించాం. రిటర్న్ ఐబాల్ (ఇన్‌లెట్ మూతిలో అటూ ఇటూ తిరిగే గుండు) విప్పి లోపలి మర పరిమాణం చూసి ప్లగ్గు ఎంచుకోవాలి. వదులు ప్లగ్గు మీద వింగ్ నట్టుని బలవంతంగా తిప్పితే రబ్బరు పక్కకి జారి సందు వదులుతుంది. మెయిన్ డ్రెయిన్ మూతలు తీసినప్పుడు పంపు బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేసి ఉండాలి, పని అయ్యాక ఆ మూతలు స్క్రూలతో సహా తిరిగి బిగాయించే వరకు ఎవరూ నీళ్లలో దిగకూడదు. మూత లేని డ్రెయిన్ సక్షన్ మనిషిని పట్టేస్తుంది.

24 గంటల తర్వాత పూల్ 13.5, బకెట్ 6. అంటే పైపులతో సంబంధం లేకుండా, పూల్ గోడలోంచే 7.5 మి.మీ. పోతోంది. ఇక మిగతాది తీసివేతే: పంపు ఆగినప్పుడు పైపుల వాటా 11లోంచి 7.5 పోగా 3.5, పంపు నడిచేటప్పుడు 18లోంచి 7.5 పోగా 10.5.

పైపుల వాటా సరిగ్గా మూడు రెట్లు పెరిగింది. చిన్న రంధ్రంలోంచి పోయే నీళ్లు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతాయి. తొమ్మిది రెట్లు ఒత్తిడికి మూడు రెట్లు నీళ్లు. క్లోరినేటర్ తర్వాత తాత్కాలికంగా పెట్టిన గేజి పంపు నడిచేటప్పుడు 0.25 బార్ చూపింది, అంటే సుమారు 2.5 మీటర్ల నీటి ఎత్తు. పైపులో పోయే కొంత తీసేసి, గేజి ఎత్తు కలిపితే రిటర్న్ పైపులో సుమారు 2.7 మీటర్ల నీటి ఒత్తిడి. పంపు ఆగితే పైపు మీద ఉండేది పూల్ నీళ్ల బరువే, 0.3 మీటర్లు. ఆ రెంటి నిష్పత్తి తొమ్మిది. పైపుల లీకు రిటర్న్ వైపే ఉందనడానికి ఇది గట్టి ఆధారం. సక్షన్ వైపు ఉంటే పంపు నడిచేటప్పుడు లీకు పెరగాల్సింది పోయి తగ్గాలి.

ఇప్పుడు రెండు లీకులని తేలింది. ఒకటి గోడలో 7.5 మి.మీ., అంటే రోజుకు 240 లీటర్లు. రెండోది రిటర్న్ లైన్లో.

గోడలో వెతకడం

ముందు స్కిమ్మర్ సంగతి తేల్చాలి, ఎందుకంటే అక్కడ పగులు కనబడుతోంది, పుట్టీ కూడా పెట్టారు. నీళ్లు వాటంతట అవి స్కిమ్మర్ మూతి కిందకి దిగేదాకా ఆగితే వారం పడుతుంది. ప్లగ్గులు ఉంచే, చిన్న సబ్‌మెర్సిబుల్ పంపుతో మట్టాన్ని 110 మి.మీ. దించి, స్కిమ్మర్ మూతి పూర్తిగా గాలిలోకి వచ్చాక మళ్లీ 24 గంటలు కొలిచాం. పూల్ 12.5, బకెట్ 6. లీకు 6.5. స్కిమ్మర్‌కి నీళ్లే తగలకపోయినా లీకు ఆగలేదు. ఆ ఒక్క మిల్లీమీటరు తగ్గింది నీటి ఎత్తు తగ్గడం వల్ల. పగులు గ్రౌటుకే పరిమితమని, లీకు ఇంకా కిందుందని దీంతో తేలిపోయింది.

మట్టాన్ని మళ్లీ మామూలు ఎత్తుకి నింపి డై టెస్టు చేశాం. పంపు ఆపి కనీసం గంట అయ్యాక, నీళ్లు పూర్తిగా నిలకడగా ఉన్నప్పుడే దీన్ని చేయాలి. సన్నని గొట్టం ఉన్న సిరంజిలో ముదురు రంగు నింపి, అనుమానం ఉన్న చోటుకి 5 నుంచి 10 మి.మీ. దూరంలో పెట్టి, తోసినట్టు కాకుండా వదిలినట్టు ఒక్కో చుక్క వదలాలి. గట్టిగా నొక్కితే రంగు మన తోపుకే కదులుతుంది, లీకు లాగిందనుకుని మోసపోతాం. చేతులు కదిపినా అంతే.

స్కిమ్మర్ పగులు దగ్గర రంగు కదలకుండా నిలిచింది. మెయిన్ డ్రెయిన్ చుట్టూ, మెట్ల మూలల్లో, రిటర్న్ ఫిట్టింగుల అంచుల్లో కూడా అంతే. మిగిలింది లైటు.

నీళ్లలో ఉండే లైటు గురించి ఒక అపోహ ఉంది. ముందు అద్దం చుట్టూ ఉన్న గ్యాస్కెట్టే నీళ్లని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆ గ్యాస్కెట్ కాపాడేది లైటు లోపలి భాగాన్ని మాత్రమే. లైటు కూర్చునే గూడు ఎప్పుడూ నీళ్లతో నిండే ఉంటుంది. ఆ గూటి వెనక నుంచి కరెంటు కేబుల్ వెళ్లే కాండ్యూట్ పైపు గోడలోంచి బయటికి పోయి, పూల్ మట్టానికి పైన ఉండే జంక్షన్ బాక్సుకి చేరుతుంది. ఆ కాండ్యూట్‌లో కూడా పూల్ మట్టం వరకు నీళ్లు నిలిచే ఉంటాయి. కాండ్యూట్ ఎక్కడ విరిగినా, జాయింటు ఎక్కడ ఊడినా పూల్ నీళ్లు అక్కడి నుంచి మట్టిలోకి పోతాయి. ప్లంబర్ దాన్ని ఎలక్ట్రీషియన్ పైపనుకుంటాడు, ఎలక్ట్రీషియన్ అందులో నీళ్లుంటాయని అనుకోడు. జాయింటుకి సాల్వెంట్ సిమెంటు (పైపులు అతికించే జిగురు) సరిగ్గా పెట్టకపోవడానికి ఇదొక కారణం.

లైటు ముట్టుకునేముందు దాని ఎంసీబీ (ఆ లైను కరెంటు కట్టేసే బ్రేకర్) ఆఫ్ చేసి తాళం వేసి, జంక్షన్ బాక్సు దగ్గర టెస్టర్‌తో కరెంటు లేదని చూశాం. 12 వోల్టుల లైటైనా ట్రాన్స్‌ఫార్మర్ ముందు వైపు పూర్తి కరెంటే ఉంటుంది కాబట్టి ఈ మెట్టు దాటవేయకూడదు. పైనున్న ఒక్క స్క్రూ విప్పితే లైటు ముందుకి వస్తుంది, వెనక చుట్టి ఉన్న కేబుల్ పొడవుతో దాన్ని గట్టు మీదికి తెచ్చి పెట్టుకోవచ్చు. గూటి వెనక, పైభాగంలో కాండ్యూట్ రంధ్రం. సిరంజి కొన దాని ముందు పెట్టి చుక్క వదిలితే రంగు ఒక క్షణం అక్కడే వేలాడింది. తర్వాత సన్నగా సాగి దారంలా మారి, కేబుల్ పక్కనున్న సందులోకి వంగి, లోపలికి జారిపోయింది. రెండోసారి వదిలినా అదే దారి. గూటికీ కాంక్రీటుకీ మధ్య అతుకు చుట్టూ వదిలిన రంగు మాత్రం కదల్లేదు. ఇది కూడా చూడాల్సిందే. అక్కడ లీకుంటే కాండ్యూట్ మూసినా ఉపయోగం ఉండదు.

లైటు కాండ్యూట్ మూయడం

నేల తవ్వి కాండ్యూట్‌ని బాగు చేయడం సాధ్యమే గానీ, కాంక్రీటు గోడకి ఆనుకుని ఉన్న జాయింటు కోసం అంత పగలగొట్టడం అనవసరం. నీళ్లు కాండ్యూట్‌లోకి పోకుండా గూటి వైపే మూస్తే చాలు. రెండు దారులు: కేబుల్ మీద కూర్చునే రబ్బరు స్టాపర్, లేదా నీళ్లలో గట్టిపడే రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ. ఇక్కడ రంధ్రం అంచు తుప్పుతో గరుకుగా ఉంది, స్టాపర్ సమంగా కూర్చోదు, అందుకే పుట్టీ.

ముందు వైరు బ్రష్షుతో రంధ్రం అంచునీ, లోపల 30 మి.మీ. వరకూ గీకి, కేబుల్ మీది పాకుడు తుడిచాం. కేబుల్ నునుపుగా, జిగటగా ఉంటే పుట్టీ పట్టదు. కేబుల్ తొడుగుని మాత్రం బ్రష్షుతో గీకకూడదు. పుట్టీ రెండు భాగాలూ సమానంగా తీసుకుని, తడి చేతి గ్లౌజులతో, రంగు చారలు పూర్తిగా పోయేదాకా పిసకాలి. చారలు కనబడితే కలవలేదని అర్థం, ఆ చోటు ఎప్పటికీ గట్టిపడదు. దాదాపు 120 గ్రాములు పట్టింది. కేబుల్ చుట్టూ సన్నని కడ్డీలుగా చేసి, వేలితో కనీసం 25 మి.మీ. లోతుకి నొక్కి, పైన మూతలా పరిచి, అంచులు గూటి లోహం మీదికి 10 మి.మీ. సాగదీశాం.

పుట్టీ పెట్టేముందే కేబుల్ చుట్టంతా గూటిలోకి లాగి ఉంచుకోవాలి. తర్వాత లాగితే పుట్టీ ఊడుతుంది, లాగకపోతే రేపు లైటు గట్టు మీదికి రాదు. గూటికి తగిలించిన ఎర్తింగ్ తీగ లగ్గుని కదిలించకూడదు. పుట్టీ గట్టిపడటానికి 24 గంటలు ఇచ్చి, లైటు బిగించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా కట్టేసే బ్రేకర్) టెస్టు బటన్ నొక్కి ట్రిప్పవుతోందని చూశాకే కరెంటు ఇచ్చాం.

వెంటనే ప్లగ్గులన్నీ బిగించి మళ్లీ బకెట్ టెస్టు పెడితే పూల్, బకెట్ రెండూ 6 మి.మీ. దగ్గరే కలిశాయి. గోడ లీకు పోయింది. ప్లగ్గులు తీసి పంపు ఆపి కొలిస్తే లీకు 3.5, పంపు నడిపి కొలిస్తే 10.5. ముందు తీసివేసి వేసుకున్న అంకెలు ఇవే. ఈ దశలో పని ఆపేసి ఉంటే ఇంటివాళ్లకి కొంతకాలం బాగుపడినట్టే ఉండేది, ఎందుకంటే రోజువారీ నష్టం 13 నుంచి 6కి దిగింది.

రిటర్న్ లైను

ప్రెజర్ టెస్టు ఒక్కో లైనుకి విడివిడిగా చేయాలి. పూల్ వైపు ప్లగ్గులు, పంపు గది వైపు గేజి ఉన్న టెస్ట్ ప్లగ్గు. లైను నిండా నీళ్లు పట్టి, గాలి మొత్తం బయటికి పోయాక ఒత్తిడి పెంచాలి. నీళ్లు కుదించుకోవు కాబట్టి ఒక గుక్కెడు పోయినా గేజి ముల్లు దిగుతుంది. పైపులో గాలి బుడగ మిగిలితే అది స్ప్రింగులా పనిచేసి చిన్న లీకుని దాచేస్తుంది. గాలితోనే ప్రెజర్ టెస్టు చేయడం మరీ ప్రమాదం: ప్లగ్గు జారితే తుపాకీ గుండులా దూసుకొస్తుంది. నీళ్లతో చేసినా ప్లగ్గు ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

స్కిమ్మర్ లైను 1.4 బార్ దగ్గర అరగంట నిలిచింది. మెయిన్ డ్రెయిన్ లైనూ నిలిచింది. రిటర్న్ మూడు నిమిషాల్లో 1.4 నుంచి 0.3కి పడిపోయింది. ముందు వేసిన అంచనా నిజమైంది.

లైను మొత్తంలో ఎక్కడ? పైపులు 63 మి.మీ. యూపీవీసీ, పంపు గది నుంచి గట్టు కింద పరచిన పైపు పూల్ చుట్టూ తిరిగి మూడు ఇన్‌లెట్లకి చీలుతుంది. నీళ్లని 0.3 బార్ లోపే ఉంచి, కొద్దిగా గాలి కలిపి పంపితే, రంధ్రం దగ్గర బుడగలు గరగరమంటూ బయటికి వచ్చే చప్పుడు గ్రౌండ్ మైక్రోఫోనుతో గట్టు మీద నుంచి వినబడుతుంది. ప్లగ్గులన్నీ తాళ్లతో కట్టి, పూల్‌లో ఎవరూ లేకుండా చేయాల్సిన పని ఇది. 300 మి.మీ.కి ఒక చోట చెవి పెట్టి, చప్పుడు పెరిగే వైపు దగ్గర దగ్గరగా వింటూ పోతే, పూల్ గోడకి 1.6 మీటర్ల దూరంలో, లైను మలుపు తిరిగే చోట శబ్దం అన్నిటికంటే స్పష్టం. గట్టిగా వినబడిన ఒక్క చోటునే నమ్మకూడదు. టైల్ కింద బోలుగా ఉంటే అక్కడ శబ్దం పెరుగుతుంది. రెండు వైపులా సమానంగా తగ్గే నడిమధ్య బిందువే లీకు.

తవ్వితే కనబడింది

గ్రౌటు గీతల వెంట గ్రైండర్‌తో కోసి 600 మి.మీ. పొడవు, అంతే వెడల్పు ముక్క తీశాం. గట్టు కాంక్రీటు కింద మట్టి లేదు, 150 మి.మీ. లోతు ఖాళీ. కారిన నీళ్లు సన్నని మట్టిని కొట్టుకుపోయాయి. గట్టు మీద నడిచేవాళ్లకి కింద ఖాళీ ఉందని తెలియదు, టైల్స్ కుంగితేనే బయటపడేది. ఇంటి పునాది వైపు నీళ్లు పారితే నష్టం ఇంకా పెద్దది. చిన్న లీకే కదా అని ఊరుకోకూడదనడానికి ఈ ఖాళీ చాలు.

పైపు 450 మి.మీ. లోతున ఉంది. 90 డిగ్రీల ఎల్బో సాకెట్‌లోంచి ఒక పక్క నీళ్లు ఊరుతున్నాయి. కోసి తీశాక కారణం స్పష్టంగా కనబడింది. 63 మి.మీ. ఫిట్టింగుకి సాకెట్ లోతు సుమారు 38 మి.మీ. పైపు అందులోకి 22 మి.మీ. మాత్రమే వెళ్లింది. సాల్వెంట్ సిమెంటు పైపు పై సగానికే అంటింది, కింది సగం మెరుస్తూ కొత్త పైపులాగే ఉంది. కందకంలో వంగి పని చేసేటప్పుడు బ్రష్షు పైపు కిందకి తిప్పలేదన్నమాట. దానికి తోడు ఎల్బో కింద ఇసుక బదులు రాయి ఉంది. మట్టి కుంగినప్పుడు పైపు దిగింది, రాయి మీదున్న ఎల్బో దిగలేదు. అరకొరగా అంటిన జాయింటు అక్కడ విడిపోయింది.

రెండు వైపులా 200 మి.మీ. మంచి పైపు కనబడేదాకా కోశాం. రెండు చివరలూ నేలలో బిగుసుకుని ఉంటాయి కాబట్టి కొత్త ఎల్బోని ఇరికించడం కుదరదు. ఒక చివర ఎల్బో అంటించి, రెండో వైపు మధ్యలో ఆపు లేని స్లిప్ కప్లింగుని పైపు మీదికి జరిపి పెట్టుకుని, ముక్క కూర్చాక వెనక్కి జారుస్తాం. ఎక్కడిదాకా జరపాలో ముందే పెన్నుతో గీత పెట్టుకోవాలి. సిమెంటు పూశాక కొలవడానికి టైముండదు. రబ్బరు స్లీవు, క్లాంపులతో సరిపెట్టడం నేల కింద ప్రెజర్ లైనుకి పనికిరాదు.

ఇక్కడ పని చెడేది తడి వల్లే. పూల్ వైపు ప్లగ్గులు ఉన్నా పైపులో మిగిలిన నీళ్లు చుక్కచుక్కగా జాయింటులోకి వస్తాయి. వెట్ వాక్యూమ్‌తో రెండు వైపులా పీల్చి, గుడ్డతో పొడిగా తుడిచాకే మొదలుపెట్టాలి. పైపు అంచుని 15 డిగ్రీల వాలుకి అరగదీయాలి. లేకపోతే నిటారు అంచు సాకెట్‌లోని సిమెంటుని ముందుకి తోసుకుపోతుంది. ప్రైమర్ రెండు పక్కలా, దాని మీద సిమెంటు సాకెట్‌లో పలచగా, పైపు మీద నిండుగా. పైపు అడుగు భాగాన్ని అద్దం పెట్టి చూసుకున్నాం. గీత దాకా నెట్టి, పావు వంతు తిప్పి, 30 సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే సాకెట్ వాలు పైపుని వెనక్కి నెడుతుంది. పాత జాయింటులో పైపు లోతుకి వెళ్లకపోవడానికి ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చు.

24 గంటలు ఆరనిచ్చి, జాయింటు తెరిచి ఉండగానే 1.4 బార్ పెట్టి అరగంట చూశాం. ముల్లు కదల్లేదు. అప్పుడే పూడ్చాలి. కింద 100 మి.మీ. జల్లించిన ఇసుక, పైపు చుట్టూ, పైన 150 మి.మీ. వరకు ఇసుకే, ఆ మీద పొరలు పొరలుగా దిమ్మిస కొట్టిన మట్టి. కాంక్రీటు కింద పక్కలకి పాకిన ఖాళీలోకి పల్చని ఇసుక సిమెంటు కలిపి పోశాం. అది అందకుండా పైన టైల్స్ వేసేస్తే ఏడాదిలో మళ్లీ కుంగుతాయి.

చివరి కొలతలు

పంపు నడిపి 24 గంటలు: పూల్ 5.5, బకెట్ 5. పంపు ఆపి: రెండూ 5. అర మిల్లీమీటరు తేడా లీకు కాదు. రిటర్న్ నీళ్లు ఉపరితలాన్ని కదిలిస్తే పూల్‌లో ఆవిరి బకెట్ కంటే కొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఉప్పు మళ్లీ 3,200కి తెచ్చి నెల తర్వాత చూస్తే 3,150 దగ్గరుంది, అంటే పోయింది బ్యాక్‌వాష్‌లోనే.

ఫ్లోట్ వాల్వు లైనుకి చిన్న నీటి మీటరు బిగించాం. వానల్లేని వారంలో రోజుకు 6 మి.మీ. ఆవిరికి ఈ పూల్ రోజూ 190 లీటర్ల చిల్లర తాగాలి. మీటరు అంతకు మించి చూపిస్తే ఫ్లోట్ వాల్వు కట్టేసి బకెట్ పెట్టాలి. లైటు మార్చేటప్పుడు కాండ్యూట్ పుట్టీ చెక్కి తీసి కొత్తది పెట్టాలన్న సంగతి రాసి ఎంసీబీ పెట్టె తలుపు లోపల అంటించాం, ఎందుకంటే తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ కేబుల్ రావడం లేదని గట్టిగా లాగితే మొదటి లీకు అక్కడే మళ్లీ తెరుచుకుంటుంది.